ఫోన్ అకౌంట్‌లో దేశం మార్చడం: నాలుగేళ్ళు, రెండు మార్పులు, నా అనుభవం

నాలుగేళ్ళలో ఉద్యోగం కోసం రెండుసార్లు దేశం మారాను, రెండుసార్లూ ఫోన్ అకౌంట్‌లో దేశం కూడా మార్చుకోవాల్సి వచ్చింది. నా దగ్గర ఒక ఐఫోన్, ఒక ఆండ్రాయిడ్ ఉన్నాయి, కాబట్టి యాపిల్ అకౌంట్‌లోనూ గూగుల్ ప్లేలోనూ ఈ పని చేశాను. దీని గురించి చదివినవాటిలో చాలావరకు ఏ బటన్ ఎక్కడుందో చెప్పి ఆగిపోయాయి. బటన్ నొక్కడం రెండు నిమిషాల పని. దానికి ముందు నెలా రెండు నెలలు చేసుకోవాల్సిన పనులు, మార్చిన ఏడాదికో రెండేళ్ళకో బయటపడే ఇబ్బందులు, నేను రాయాలనుకున్నది వాటి గురించి.

ముందు ఒక గందరగోళం తేల్చేయాలి, ఎందుకంటే నా మొదటి రోజంతా దీనికే పోయింది. ఐఫోన్ సెట్టింగ్స్‌లో జనరల్‌లోకి వెళ్తే లాంగ్వేజ్ అండ్ రీజియన్ అని ఒకటి కనిపిస్తుంది. అక్కడ దేశం మారిస్తే తేదీ రాసే తీరు, వారం ఏ రోజుతో మొదలవ్వాలి, ఉష్ణోగ్రత ఏ కొలతలో చూపించాలి, ఇలాంటివే మారతాయి. యాప్‌లు తెచ్చుకునే స్టోర్ మాత్రం పాత దేశంలోనే ఉంటుంది. నేను అది మార్చేసి, కావలసిన యాప్ కనిపించక ఫోన్ రెండుసార్లు ఆపి మళ్ళీ ఆన్ చేసి చూశాను. అసలు మార్చాల్సింది వేరే చోట ఉంది: సెట్టింగ్స్‌లో పైన మన పేరు మీద నొక్కి, మీడియా అండ్ పర్చేజెస్, అందులో వ్యూ అకౌంట్, అందులో కంట్రీ/రీజియన్. ఆండ్రాయిడ్‌లో అయితే ప్లే స్టోర్ తెరిచి, మన ఫొటో మీద నొక్కి, సెట్టింగ్స్, జనరల్, ఆ తర్వాత అకౌంట్ అండ్ డివైజ్ ప్రిఫరెన్సెస్. ఇది కాక గూగుల్ అకౌంట్‌కి, మనకు ఏ దేశపు నిబంధనలు వర్తిస్తాయో చెప్పే దేశం ఇంకొకటి విడిగా ఉంటుంది. ప్లేలో మార్చినంత మాత్రాన అది మారదు, దానికి వేరే ఫారం ఉంది. ఇక ఫోన్ ఏ దేశం కోసం తయారైందో అది ఎటూ మారదు: 2022లో ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే మోడల్స్‌కి సిమ్ ట్రే ఉండదు, అకౌంట్‌లో ఏ దేశం పెట్టినా ట్రే రాదు కదా.

ఇంత అవస్థ ఎందుకు, పాత దేశమే ఉంచేసుకోవచ్చు కదా అంటే, కొన్నాళ్ళు ఉంచుకోవచ్చు. యాప్ స్టోర్ 175 దేశాల్లో, ప్రాంతాల్లో ఉంది. పేరు ఒకటే అయినా దేశానికో కొట్టు అనుకోవాలి. ధరలు వేరు, కరెన్సీ వేరు, రేటింగులు కూడా ఆ దేశంవాళ్ళు ఇచ్చినవే కనిపిస్తాయి. తమ యాప్‌ని ఏయే దేశాల్లో పెట్టాలో దాన్ని తయారుచేసినవాళ్ళే ఎంచుకుంటారు. బ్యాంకులు, పన్నులు, బస్సు టికెట్లు, ఇలాంటి యాప్‌లు చాలావరకు సొంత దేశంలోనే పెడతారు. నాకు కొత్త దేశంలో జీతం పడే బ్యాంకు యాప్ కావాలి, అది పాత దేశపు స్టోర్‌లో వెతికితే లేదు. అక్కడ మొదలైంది ఈ కథ.

యాపిల్‌లో మొదట అడ్డుపడింది బ్యాలెన్స్. అకౌంట్‌లో డబ్బు మిగిలి ఉంటే దేశం మార్చనివ్వరు. నాకు ఎప్పుడో వచ్చిన గిఫ్ట్ కార్డులో ఖర్చుపెట్టగా మిగిలిన చిల్లర ఉంది, దాంతో ఏదీ రాదు, అంతకన్నా తక్కువ ధర ఉన్న వస్తువు స్టోర్ మొత్తంలో నాకు దొరకలేదు. ఒక సాయంత్రమంతా వెతికాక యాపిల్ సూచనలు తీరిగ్గా చదివితే తెలిసింది, మిగిలిన మొత్తం ఏ వస్తువు ధరకీ చాలకపోతే సపోర్ట్‌వాళ్ళని సంప్రదించమని అందులోనే ఉంది. అడిగాను, ఆ పని అయిపోయింది. గూగుల్ పద్ధతి వేరు: పాత దేశపు ప్లే బ్యాలెన్స్ పోదు, కానీ కొత్త దేశంలో వాడలేం, మళ్ళీ ఆ దేశానికి మార్చుకుంటేనే చేతికొస్తుంది. చూడ్డానికి ఇదే మంచిదనిపిస్తుంది గానీ, తిరిగి వెళ్ళే ఆలోచన లేనివాళ్ళకి ఆ డబ్బు ఉన్నా లేనట్టే. ఎందులోనైనా సరే, బయల్దేరే ముందే మొత్తం ఖర్చుపెట్టేయండి. పాత దేశపు గిఫ్ట్ కార్డులు మిగిలి ఉంటే అవి కూడా, ఎందుకంటే కొత్త దేశపు స్టోర్‌లో అవి పనిచేయవు.

రెండోది, దీనికన్నా పెద్దది, సబ్‌స్క్రిప్షన్లు. యాపిల్‌లో అన్నీ రద్దు చేసుకోవాలి, చేసుకున్నాక కట్టిన గడువు పూర్తయ్యేదాకా ఆగాలి. నేను అంతకు కొద్ది నెలల ముందే ఒక యాప్‌కి ఏడాది చందా కట్టాను, నెలవారీ కన్నా కలిసొస్తుందని. దానికింకా ఏడు నెలలు ఉంది. రద్దు చేశాను, పేజీలో ఫలానా తేదీ వరకు పనిచేస్తుందని వచ్చింది, అంటే ఆ తేదీ దాకా నా దేశం కూడా అక్కడే ఉండిపోతుందన్నమాట. దేశం మారే సంగతి ఖాయమవగానే నేను ఇప్పుడు చేసే మొదటి పని ఇదే: ఏడాది చందాలు ఏవీ కొత్తగా కట్టను, ఉన్నవాటి గడువులు ఒక కాగితం మీద రాసుకుంటాను. అద్దెకు తీసుకున్న సినిమాలు, ముందస్తు ఆర్డర్లు, రావాల్సిన రీఫండ్లు ఉంటే అవి కూడా తేలాలి, నాకు అవేమీ లేవు.

ఆ ఏడు నెలలు ఎలా గడిచాయంటే, కొత్త దేశం పేరుతో ఇంకో యాపిల్ అకౌంట్ తెరిచాను. ఇది చాలామందికి తెలియదు: ఫొటోల్లాంటివి దాచే యాపిల్ ఆన్‌లైన్ స్టోరేజీ ఐక్లౌడ్‌కి ఒక అకౌంట్, మీడియా అండ్ పర్చేజెస్‌కి ఇంకో అకౌంట్ పెట్టుకోవచ్చు. ఫొటోలు, కాంటాక్టులు పాత అకౌంట్‌లోనే ఉంటాయి, స్టోర్ మాత్రం కొత్తది అవుతుంది. బ్యాంకు యాప్ ఆ రోజే వచ్చేసింది. కానీ దీన్ని శాశ్వత ఏర్పాటు చేసుకోవద్దు. ఏ యాప్ ఏ అకౌంట్‌తో తెచ్చుకున్నామో దాని అప్‌డేట్‌కి ఆ అకౌంట్ పాస్‌వర్డే అడుగుతుంది, నెలలు గడిచేకొద్దీ ఏది ఎందులోదో నాకే గుర్తులేకుండా పోయింది. గడువు తీరాక అసలు అకౌంట్‌కే దేశం మార్చుకుని, రెండో అకౌంట్‌తో తెచ్చుకున్నవి ఒక్కోటీ తీసేసి మళ్ళీ వేసుకున్నాను. ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. యాప్ తీసేస్తే దాని లోపలి డేటా కూడా పోవచ్చు, ముఖ్యంగా లాగిన్ కోడ్‌లు చూపించే యాప్ ఏదైనా ఉంటే బ్యాకప్ ఉందని తేలేదాకా దాన్ని ముట్టుకోవద్దు. నేను ముట్టుకున్నాను. మూడు అకౌంట్లలోకి తిరిగి వెళ్ళడానికి వారం పట్టింది, ఆ వారం టెన్షన్ ఇంకెవరికీ రాకూడదని కోరుకుంటున్నాను.

2025 ఫిబ్రవరిలో యాపిల్ ఒక అకౌంట్‌లో కొన్నవాటిని ఇంకో అకౌంట్‌కి తరలించే వీలు తెచ్చింది. అయితే రెండు అకౌంట్లూ ఒకే దేశానివై ఉండాలి, పైగా తెచ్చినప్పుడు యూరోపియన్ యూనియన్, బ్రిటన్, ఇండియా వాళ్ళకి ఇవ్వలేదు. దేశం మారేవాళ్ళకి అది నేరుగా పనికిరాదు, రెండింటినీ ఒకే దేశానికి తెచ్చుకున్నాకే.

డబ్బు కట్టే పద్ధతి దగ్గర పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టయింది నా పని. స్టోర్ మార్చాలంటే కొత్త దేశపు కార్డు, అక్కడి చిరునామా కావాలి. కార్డు పనిచేయించాలంటే బ్యాంకు యాప్ కావాలి. యాప్ కావాలంటే స్టోర్ మారాలి. యాపిల్‌లో కొత్తగా అకౌంట్ తెరిచేటప్పుడు ఏ కార్డూ లేకుండా 'నన్' అని ఎంచుకునే వీలుంది, నా రెండో అకౌంట్ అలాగే తెరిచాను. ఉన్న అకౌంట్‌కి దేశం మార్చేటప్పుడు మాత్రం సబ్‌స్క్రిప్షన్ నడుస్తున్నా, ఇంటివాళ్ళు కొన్నవి పంచుకునే ఫ్యామిలీ గ్రూపులో ఉన్నా ఆ 'నన్' కనిపించకపోవచ్చు. గూగుల్‌లో ఇంకో షరతు, మనం నిజంగా ఆ దేశంలో ఉండాలి, ఆ దేశపు చెల్లింపు పద్ధతి ఇవ్వాలి. ఫోన్ వేరే దేశంలో ఉన్నట్టు చూపించే వీపీఎన్ పెట్టి మార్చేయమని నాకు సలహాలు వచ్చాయి. నేను చేయలేదు, మీకూ చెప్పను. కార్డు దగ్గర ఎలాగూ ఆగుతుంది, ఒకవేళ మారినా తర్వాతి నిబంధన మెడకి చుట్టుకుంటుంది.

ఆ నిబంధన ఏంటంటే గూగుల్ ప్లేలో దేశం ఏడాదికి ఒక్కసారే మార్చుకోగలం. మార్చాక కొత్త స్టోర్ కనిపించడానికి 48 గంటల దాకా పట్టవచ్చు, అది పెద్ద విషయం కాదు. కానీ నా రెండో బదిలీ మొదటి మార్పు అయిన పది నెలలకే వచ్చింది. రెండు నెలలు ఆగాల్సిందే. ఆ రెండు నెలలకి ఫోన్‌లో ఇంకో గూగుల్ అకౌంట్ కలిపి, ప్లే స్టోర్‌లో ఫొటో మీద నొక్కి దానికి మారి, కొత్త దేశపు యాప్‌లు తెచ్చుకున్నాను. నిజం చెప్పాలంటే ఈ ఒక్క విషయంలో ఆండ్రాయిడ్ నాకు చాలా హాయిగా అనిపించింది, రెండు అకౌంట్లు పక్కపక్కనే ఉంటాయి, మాటిమాటికీ సైన్ అవుట్ అవ్వక్కర్లేదు. ఏడాది లోపు ఉండి వచ్చేసేవాళ్ళయితే అసలు దేశం మార్చొద్దు, రెండో అకౌంట్ చాలు. ఇది నా గట్టి అభిప్రాయం.

కుటుంబం సంగతి చెప్పకపోతే ఈ సమీక్ష సగమే. మా ఫ్యామిలీ గ్రూపు అన్నయ్య పేరు మీద ఉండేది, అమ్మ, వదిన, నేను అందులో. యాపిల్‌లో ఫ్యామిలీ షేరింగ్ గ్రూపులో ఉంటే దేశం మార్చడం కుదరకపోవచ్చు, కొన్నవి పంచుకోవాలంటే అందరి స్టోరూ ఒకే దేశంలో ఉండాలి. గూగుల్‌లోనూ గ్రూపు నడిపేవాళ్ళు ఏ దేశంలో ఉంటే మిగతావాళ్ళూ ఆ దేశంలోనే ఉండాలి. అన్నయ్యకి ఫోన్ చేస్తే, "నువ్వు గ్రూపులోంచి వెళ్ళిపోతే అమ్మ ఫొటోలు నీకు కనబడవేమో, ముందది చూసుకో" అన్నాడు. పంచుకుంటున్న స్టోరేజీ కూడా ఉంది మరి. గ్రూపు వదిలితే ఐక్లౌడ్‌లో ఉచితంగా వచ్చే 5 జీబీయే నాకు మిగిలేది, నా ఫొటోలు దానికి ఎన్నో రెట్లు. అందుకని ముందు మొత్తం కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని, రెండు చోట్ల ఉంచి, అప్పుడు గ్రూపు వదిలాను. అమ్మ మాత్రం చాలా రోజులు బాధపడింది. "అందరి పేర్లూ ఒక్కచోట కనబడేవి, ఇప్పుడు నీది లేదు" అని. పంచుకున్న ఆల్బమ్ ఒకటి విడిగా పెట్టుకున్నాం, దానికి ఫ్యామిలీ గ్రూపు అక్కర్లేదు, ఇప్పుడు అమ్మ అదే చూస్తుంది.

చాలామంది భయపడేది కాంటాక్టులు, మెయిల్స్, మెసేజ్‌లు, ఫొటోలు పోతాయేమోనని. దేశం మార్చడం వల్ల అవేవీ పోలేదు, రెండుసార్లూ. కొన్న సినిమాలు, పుస్తకాలు, యాప్‌లు మాత్రం కొత్త దేశపు స్టోర్‌లో లేకపోతే మళ్ళీ దింపుకోలేం, సినిమా హక్కులు దేశాలవారీగా అమ్ముతారు కాబట్టి. ముందే ఫోన్‌లోకి దింపుకోండి.

ఏళ్ళ తర్వాత బయటపడే ఇబ్బంది ఇది. ఫోన్‌లో ఉన్న పాత దేశపు యాప్‌లు దేశం మార్చిన మర్నాడు కూడా మామూలుగానే పనిచేస్తాయి, అందుకే ఏమీ పోలేదనిపిస్తుంది. కానీ కొత్త స్టోర్‌లో అవి లేకపోతే అప్‌డేట్లు రావు. దాదాపు రెండేళ్ళకి, పాత దేశంలోని నా బ్యాంకు యాప్ తెరిస్తే, కొత్త వెర్షన్ వేసుకుంటేనే ముందుకు వెళ్ళనిస్తానంది. స్టోర్‌కి వెళ్తే, మీ దేశంలో ఇది లేదంది. ఆ అకౌంట్‌లోంచి అమ్మ మందులకి ప్రతి నెలా డబ్బు వెళ్తుంది, ఆ నెల అన్నయ్య సర్దాడు. చివరికి ఆండ్రాయిడ్ ఫోన్‌లో, నేను వాడకుండా వదిలేసిన ఒక గూగుల్ అకౌంట్ పాత దేశంలోనే ఉండటం వల్ల, దాంతో యాప్ తెచ్చుకోగలిగాను. అది అనుకోకుండా మిగిలింది. మీరు అనుకుని మిగుల్చుకోండి: పాత దేశంలో బ్యాంకు గానీ, బీమా గానీ, ఇల్లు గానీ ఉన్నంతకాలం అక్కడి స్టోర్‌తో ఒక అకౌంట్ బతికుండాలి.

దీనికి తోడు పాత ఫోన్ నంబరు. దేశం మార్చినా, లాగిన్ కోడ్‌లు వచ్చే నంబరు దానంతటది మారదు. పాత సిమ్ ఆగిపోయే ముందే కొత్త నంబరు కూడా అకౌంట్‌లో కలిపి, దానికి కోడ్ వస్తోందో లేదో చూసుకోవాలి. మొదటిసారి నేను సిమ్ ఆగిపోవడానికి నాలుగు రోజుల ముందు ఈ పని చేశాను, రెండోసారి విమానం ఎక్కడానికి నెల ముందే చేశాను.

ఈ సెట్టింగ్ ఈ మధ్య స్టోర్ ఒక్కదాన్నే కాదు, ఇంకా చాలా వాటిని తేలుస్తోంది. 2024 మార్చిలో వచ్చిన ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 17.4తో యూరోపియన్ యూనియన్‌లో ఉన్నవాళ్ళకి వేరే కంపెనీల యాప్ స్టోర్లు కూడా వేసుకునే వీలొచ్చింది, దానికి అకౌంట్ దేశం అక్కడిదై ఉండాలి. కాబట్టి ఏ దేశం పెట్టుకున్నామన్నది ముందుకన్నా ఎక్కువ లెక్కలోకి వస్తుంది.

రెండూ వాడినదాన్ని బట్టి చెప్తే, యాపిల్‌లో మార్చే ముందు కష్టం, మార్చాక ఎన్నిసార్లన్న లెక్క గురించి నాకు బెంగ లేకపోయింది. గూగుల్‌లో మార్చడం సులువు, ఏడాది గడువుతో చేతులు కట్టేసినట్టుంటుంది. నా వరకు ఆ ఏడాది గడువే ఎక్కువ ఇబ్బంది పెట్టింది, ఎందుకంటే బ్యాలెన్స్, చందాలు మన చేతిలో పని, బదిలీ ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు.

ప్రస్తుతం నా ఏర్పాటు ఇది: రెండు అసలు అకౌంట్లూ నేనుంటున్న దేశంలో, బ్యాలెన్స్ సున్నా, చందాలన్నీ నెలవారీ, పాత దేశపు స్టోర్‌తో ఒక గూగుల్ అకౌంట్ ఆండ్రాయిడ్‌లో అలాగే ఉంది. నెలకోసారి దాంట్లోకి వెళ్ళి ఆ బ్యాంకు యాప్ అప్‌డేట్ అయిందో లేదో చూస్తాను, చూసి అమ్మకి డబ్బు పంపిస్తాను.