ఎనిమిది డిస్కస్ ట్యాంకులు, ఒకే సంప్, ఒక ఎన్ఆర్‌వీ: మూడున్నరేళ్ల వాడకం తర్వాత

ముందే చెప్పేస్తాను. చేపల ట్యాంకులు నాలుగైదింటికి కలిపి ఉమ్మడి సంప్ (నీళ్లను వడకట్టి మళ్లీ పైకి పంపే అడుగు తొట్టి) కట్టుకునేవాళ్లు, పంపు నీళ్లను తిరిగి ట్యాంకులకు ఎక్కించే రిటర్న్ లైన్లో నాన్ రిటర్న్ వాల్వ్ (ఎన్ఆర్‌వీ, నీళ్లు వెనక్కి రాకుండా ఆపేది) ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. మూడున్నరేళ్లలో ఈ సిస్టమ్‌లో నిజంగా దెబ్బ తీసింది అదొక్కటే. పంపు కాదు, జాయింట్లు కాదు, చెన్నై బోరు నీళ్లు కూడా కాదు.

ర్యాక్ రెండు వరుసలు. పైన 4, కింద 4. ట్యాంకు ఒక్కోటి 120 × 45 × 45 సెంటీమీటర్లు. అడుగున సంప్ 120 × 60 × 45. పై వరుస నీటి మట్టం సంప్ నీటికంటే 1.6 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఒకే పంపు, ఒకే 40 ఎంఎం మెయిన్, అందులోంచి ట్యాంకుకో 25 ఎంఎం రిటర్న్, దానికో బాల్ వాల్వ్. డిస్కస్‌కి ఎంత వేడి కావాలో, ఎన్నిసార్లు నీళ్లు మార్చాలో మళ్లీ రాయను. ఈ చేపల్ని పెంచేవాళ్లకు అవి కంఠతా వచ్చు.

ఇక ఎన్ఆర్‌వీ సంగతి. మొదట వేసింది ఫ్లాప్ రకం. ఏ హార్డ్‌వేర్ కొట్లో అడిగినా ఇచ్చేది అదే. ఇంటి సంపు నుంచి మేడ మీది ట్యాంకుకు నీళ్లెక్కించే లైన్లో అది ఏళ్ల తరబడి బాగా పనిచేస్తుంది. అక్కడ ఫ్లాప్ మీద 10 మీటర్ల నీటి స్తంభం, అంటే ఇంచుమించు 1 బార్ ఒత్తిడి పడుతుంది. రబ్బరు ఆ ఒత్తిడికి సీటుకు అతుక్కుపోతుంది. మన ర్యాక్‌లో ఉన్నది 1.6 మీటర్లే, 0.16 బార్. ఆరో వంతు. ఆ కాస్త ఒత్తిడితో ఫ్లాప్ శుభ్రంగా ఉన్నంత కాలం మూసుకుంటుంది. బీఫ్ హార్ట్ మేత కొవ్వు, పైపు లోపల పేరుకునే జిగురు, ఒక చిన్న నత్త గుల్ల, వీటిలో ఏ ఒక్కటి సీటు మీద చేరినా మూసుకోదు. మూసుకోలేదన్న సంగతి కరెంటు పోయేదాకా మనకు తెలియదు. దీనిమీద నా కోపమంతా అందుకే. పంపు చెడితే శబ్దం మారుతుంది, సాక్ (మురికి పట్టే వడపోత సంచి) నిండితే నీళ్లు పైనుంచి పొర్లుతాయి. ఎన్ఆర్‌వీ మాత్రం చెడిపోయాక కూడా బాగున్నట్టే కనిపిస్తుంది.

పద్నాలుగో నెలలో జరిగింది ఇది. రిటర్న్ పైపుల చివరలు నీటి మట్టానికి 10 సెంటీమీటర్ల కింద ఉన్నాయి, చప్పుడు ఉండకూడదని, చేపలకు పైన అలజడి ఉండకూడదని. కరెంటు పోయింది, ఫ్లాప్ మూసుకోలేదు, ట్యాంకుల్లో నీళ్లు రిటర్న్ పైపుల్లోంచే వెనక్కి సైఫన్ అయ్యి సంప్‌లోకి, సంప్ నిండి నేల మీదికి. సరే, వాల్వ్ తప్పని తేల్చి, దాన్ని కోసి తీసేసి, స్ప్రింగ్ రకం ఒకటి వేయడం జరిగింది. లోపల కనిపించే పారదర్శకమైన బాడీ, అటూ ఇటూ యూనియన్లు, విప్పి కడుక్కోవచ్చు. స్ప్రింగును తోసుకుని వెళ్లాలి కాబట్టి పంపు నుంచి వచ్చే నీళ్లు కొంత తగ్గాయి. అయినా సమాధానపడ్డాను.

కొత్త వాల్వ్ కంటికి కనబడుతూ గట్టిగా మూసుకుంది. అయినా రెండోసారి నేల తడిసింది. అప్పుడు కింది వరుస ట్యాంకుల్లోకి చూస్తే విషయం అర్థమైంది. పంపు ఆగిపోయి ఉంది, అయినా కింది వరుస రిటర్న్ పైపుల్లోంచి నీళ్లు తోసుకొస్తున్నాయి. ఎనిమిది ట్యాంకులకూ మెయిన్ ఒకటే కదా. పై వరుస నీళ్లు మెయిన్లోకి దిగి, సంప్ వైపు దారి మూసి ఉంటే, కింది వరుస పైపుల్లోంచి బయటికొస్తాయి. కింది ట్యాంకులు నిండుగానే ఉన్నాయి కాబట్టి ఆ నీళ్లు వాటి ఓవర్‌ఫ్లో (ఎక్కువైన నీళ్లు డ్రెయిన్లోకి పొర్లే అంచు) మీదుగా సంప్‌కే చేరతాయి. ఎన్ఆర్‌వీ పంపు దగ్గర కూర్చుని ఈ దారిని ఆపలేదు. ఎంత ఖరీదైనది పెట్టినా అంతే. రెండు వరుసలు ఒకే మెయిన్ మీద ఉన్న ఏ ర్యాక్‌కైనా ఇది వర్తిస్తుంది. పైపులు వేసే ముందు ఈ ముక్క ఒక్కరు చెప్పి ఉంటే బాగుండేది.

లెక్క వేస్తే ఇలా ఉంది. ట్యాంకులో 1 సెంటీమీటరు ఎత్తు నీళ్లంటే 5.4 లీటర్లు. పై నాలుగూ 10 సెంటీమీటర్లు దిగితే 216. కింది నాలుగూ మామూలుగా ఓవర్‌ఫ్లో అంచుదాకా దిగే 1.5 సెంటీమీటర్లు 32. పైపుల్లో ఉన్నవి ఓ 10. మొత్తం 258 లీటర్లు. సంప్‌లో నడిచే మట్టం 27 సెంటీమీటర్లు, అక్కడి నుంచి 43 దాకా ఖాళీ, సెంటీమీటరుకు 7.2 చొప్పున 115 లీటర్లు. మిగిలిన 143 లీటర్లు గచ్చు మీదే.

నష్టం అక్కడితో ఆగదు. కరెంటు వచ్చాక పంపు పై ట్యాంకుల్ని మళ్లీ నింపుతుంది. నేల మీద పోయిన 143 లీటర్లూ చివరికి తగ్గేది సంప్‌లో పంపు ఉండే గదిలోనే, ఎందుకంటే సంప్‌లోని మిగతా గదుల మట్టాన్ని అడ్డు పలకలు పట్టి ఉంచుతాయి. పంపు గాలి పీల్చి ఒట్టిగా తిరిగి వేడెక్కింది. అదే గదిలో ఉన్న గాజు హీటరు నీటిలోంచి బయటపడి పగిలింది. హీటర్లు ఎప్పుడూ మట్టం మారని గదిలో, అంటే మీడియా (బ్యాక్టీరియా పట్టి ఉండే ఫిల్టరు సరుకు) గదిలో పెట్టాలి. పంపు గదిలో పెట్టకూడదు.

దీనికి మందు పైసా ఖర్చు లేని పని. ప్రతి రిటర్న్ పైపుకూ, అది ట్యాంకులోకి నిలువుగా దిగేచోట, ఓవర్‌ఫ్లో అంచు ఎత్తులోనే 6 ఎంఎం చిల్లులు రెండు. నడిచేటప్పుడు అవి నీటి మట్టానికి 1.5 సెంటీమీటర్ల కింద ఉంటాయి కాబట్టి నీళ్లు చిమ్మవు, చప్పుడు రాదు. పంపు ఆగి మట్టం అంచుకు దిగిన కాసేపటికే చిల్లులోంచి గాలి దూరి సైఫన్ తెగిపోతుంది. ముందు 3 ఎంఎం పెట్టి చూశాను, పాచి పట్టి రెండు వారాల్లో మూసుకుపోయింది. 6 ఎంఎం అయినా ఒకటి చాలదు, నత్త వచ్చి కూర్చుంటే అయిపోయినట్టే. చిల్లు ట్యాంకు గోడ వైపు కాకుండా మన కంటికి కనిపించే వైపు ఉండాలి, పాత టూత్ బ్రష్‌తో వారానికోసారి తోమడానికి వీలుగా. కొత్త పైపుకు బొక్కలేమిటని ప్లంబరు ఒప్పుకోకపోతే డ్రిల్లు మనమే పట్టుకోవాలి.

ఇప్పుడు కరెంటు పోతే సంప్ 27 నుంచి ఎక్కి 40 దగ్గర ఆగుతుంది. సంప్ అద్దం మీద మార్కరుతో రెండు గీతలున్నాయి, నడిచే మట్టం, ఆగిన మట్టం. నెల మొదటి తారీఖున పంపు స్విచ్ కట్టేసి పది నిమిషాలు చూడటం అలవాటైంది. పై గీత దాటితే ఏదో ఒక చిల్లు మూసుకుందన్నమాట. నీళ్లు పోసేటప్పుడు కింది గీత దాటి పోయకూడదు. సంప్ నిండుగా ఉంటే బాగుంటుందనిపిస్తుంది కానీ ఆ ఖాళీయే మన రక్షణ.

మిగతా ప్లంబింగ్ మీద పెద్దగా ఫిర్యాదు లేదు. డ్రెయిన్లు ట్యాంకుకు 40 ఎంఎం, కింద 75 ఎంఎం మెయిన్, మీటరుకు 2 సెంటీమీటర్ల వాలు, మెయిన్ పై కొన మూయకుండా వదిలేయాలి. ఆ కొనకు ఎండ్ క్యాప్ వేస్తే గాలి పోయే దారిలేక గుడగుడలాడి, మట్టాలు ఎగిసిపడతాయి. బాల్ వాల్వులు సర్దేటప్పుడు కింది వరుసవి బాగా బిగించాలి, లేకపోతే నీళ్లన్నీ తేలిక దారి చూసుకుని పై వరుసకు ధార పలచబడుతుంది. గంటకు ట్యాంకుకు 600 లీటర్ల చుట్టూ సరిపోయింది, అంతకు మించితే డిస్కస్ మూలకు చేరి నిలబడుతుంది.

మొదటి ఏడాది ఈ సంప్‌ని తెగ పొగిడిన మాట నిజం. అన్ని ట్యాంకుల్లో ఒకే వేడి, ఒకే పీహెచ్, నీళ్లు మార్చడం ఒకేచోట. అవన్నీ ఇప్పటికీ నిజమే. కాకపోతే ఒకే నీళ్లు అంటే ఒకే రోగం కూడా. మొప్పల్లో ఫ్లూక్స్ అనే పరాన్నజీవులు ఒక ట్యాంకులో కనబడితే ఎనిమిదింటికీ ప్రాజిక్వాంటెల్ మందు లెక్క కట్టాల్సిందే. యూవీ లైటు దాని ముందు నుంచి పోయే నీళ్లనే శుద్ధి చేస్తుంది, చేప ఒంటికి పట్టుకున్నదాన్ని ఏమీ చేయలేదు. అందుకే చెన్నైలో రంగు చేపల అంగళ్లుండే కొలత్తూరు నుంచి తెచ్చిన చేప ఏదైనా సరే, ఆరు వారాలు స్పాంజ్ ఫిల్టరుతో విడి ట్యాంకులోనే. దానికి బకెట్, వల కూడా వేరు. పీహెచ్ కూడా అంతే. ఆర్ఓ నీళ్లు ఎక్కువ కలిపితే కేహెచ్ (పీహెచ్‌ని నిలబెట్టే కార్బొనేట్ క్షారం) తక్కువగా ఉంటుంది, అమ్మోనియాను తినే బ్యాక్టీరియా ఆ కాస్త క్షారాన్నీ ఖర్చు చేసేస్తుంది, పీహెచ్ పడితే ఎనిమిదింటిలోనూ ఒకేసారి పడుతుంది. వారానికి రెండుసార్లు కేహెచ్ చూసుకోవాలి. లారీ నీళ్లు కొంటే ప్రతి లోడుకూ టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) వేరు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానప్పుడు చెన్నైలో చాలాచోట్ల కరెంటు రోజులకు రోజులు లేదు. అంతసేపు ఇన్వర్టరు మీద రిటర్న్ పంపు నడపాలనుకోవడం వృథా. 20 వాట్ల ఎయిర్ పంపు పెట్టి ట్యాంకుకో ఎయిర్ స్టోన్ వేస్తే అదే బ్యాటరీ నాలుగు రెట్లు వస్తుంది. ఒక స్టోన్ సంప్‌లో మీడియా కింద కూడా వేయాలి. నాలుగైదు గంటలు దాటాక కరెంటు వస్తే వెంటనే పంపు వేయకండి. ముందు సాక్ తీసేసి, స్పాంజ్ గదిలో కుళ్లిన నీళ్లు తోడి పారబోయాలి, ఆ తర్వాతే స్విచ్.

ఎవరికి పనికొస్తుందంటే, ఇది నేల అంతస్తు గది, గచ్చుకు డ్రెయిన్ ఉంది, పెద్ద చేపలే తప్ప పిల్లల్ని తీయడం లేదు. పిల్లలు తల్లిదండ్రుల ఒంటి జిగురు తిని పెరిగే దశలో జంటను ఈ నీళ్లలో ఉంచను. అపార్ట్‌మెంటులో మూడో అంతస్తయితే, కింద ఇంకొకరి పడకగది ఉంటే, చిల్లులు పెట్టినా నేను ధైర్యం చేయను, ట్యాంకుకో స్పాంజ్ ఫిల్టరుతోనే సరిపెట్టుకుంటాను. బెంగళూరులో అయితే చలికాలం రాత్రుళ్లు సంప్ నీళ్లన్నీ వేడిచేయడానికి అయ్యే కరెంటు కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇక్కడ హీటరు పని రెండు మూడు నెలలే.

రెండో ర్యాక్‌కు ఈ నెలలో పైపులు వేస్తున్నాం, దాని సంప్ దానికే. పై వరుసకు ఒక మెయిన్, కింది వరుసకు ఒక మెయిన్, ప్రతి రిటర్న్‌కూ రెండు చిల్లులు. ఎన్ఆర్‌వీ కొనలేదు. ఆ డబ్బుతో పంపు గదిలో మట్టం తగ్గితే కరెంటు ఆపేసే ఫ్లోట్ స్విచ్ ఒకటి, అదనంగా రెండు యూనియన్లు వచ్చాయి.