వాతావరణ మార్పుల శిక్షణ: సెమిస్టర్ పేపరు మేలా, ఊళ్లో క్యాంపు మేలా?

పాలమూరు, నల్లగొండ వైపు డిగ్రీ, పీజీ పిల్లలకు వాతావరణ మార్పుల మీద శిక్షణ పెట్టాలంటే ముందు తేల్చుకోవాల్సింది ఇది: సెమిస్టర్‌లో రెండు క్రెడిట్ల పేపరు పెట్టాలా, ఎన్ఎస్ఎస్ తరహాలో ఏడు రోజులు ఊళ్లో క్యాంపు వేయాలా? ఆన్‌లైన్ కోర్సులూ ఉన్నాయి గానీ, వీడియో ఆన్ చేసి వదిలేసి సర్టిఫికెట్ తెచ్చుకునేవాళ్లే ఎక్కువ. వాటిని పక్కన పెడుతున్నా.

పేపరుకున్న బలం, అది అందరికీ చేరుతుంది. క్యాంపుకు ఉత్సాహం ఉన్న కొద్దిమందే వస్తారు, మార్కులున్న పేపరును మాత్రం ఎవరూ తప్పించుకోలేరు. కానీ ఈవీఎస్ (పర్యావరణ విద్య పేపరు) గతి చూశాం కదా! పర్యావరణ విద్య తప్పనిసరి అని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. చాలా చోట్ల అది పరీక్ష ముందు రాత్రి గైడు తిరగేసి గట్టెక్కే పేపరైంది. ఓజోన్ పొర, ప్లాస్టిక్, భూతాపం అన్నీ కలగాపులగం.

అయినా పాఠం లేకుండా కుదరదు. వాతావరణ మార్పు మీ జిల్లాను ఎట్లా దెబ్బతీసిందని నల్లగొండలో అడిగితే, ఫ్లోరైడ్ అనేవాళ్లు ఉంటారు. ఫ్లోరైడ్ వచ్చింది గ్రానైట్ రాళ్ల నుంచి, భూతాపం నుంచి కాదు. వానలు తగ్గి బోర్లు లోతుకు పోతే నీళ్లు ఇంకా చెడొచ్చు, అది వేరే సంగతి. ఈ తేడా పట్టుకోవడం తరగతిలోనే నేర్పాలి. మరో చిక్కు: ఎండాకాలం 45 డిగ్రీలు చూసే మిర్యాలగూడ పిల్లవాడికి భూమి ఒకటిన్నర డిగ్రీ వేడెక్కడం ఏ మూలకు? అది భూమి మొత్తానికి ఏడాది సగటు అనీ, ఒక్క డిగ్రీ పెరిగితే గాలి దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుందనీ చెబితేగానీ ఆ అంకె బరువు తెలియదు.

ఇక క్యాంపు. మృగశిర కార్తె చినుకులకే పత్తి గింజలు పెట్టి, తర్వాత వాన మొహం చాటేస్తే రెండోసారి విత్తనం కొనే రైతు దగ్గర కూర్చోవడం ఏ పుస్తకం ఇవ్వని చదువు. "మా చిన్నప్పుడు వానలు ఇట్ల లేకుండె" అంటాడాయన. విద్యార్థి అక్కడితో ఆగితే అది జ్ఞాపకమే. వాతావరణ శాఖ వానల రికార్డు 1901 నుంచి ఉంది. 2.5 మిల్లీమీటర్లు, అంతకు మించి కురిస్తేనే ఆ శాఖ దాన్ని వాన రోజుగా లెక్కిస్తుంది. ముప్పై ఏళ్లకు ఒక సగటు చొప్పున తీసి, మొత్తం వాన మారిందా, వాన రోజులు మారాయా అని విడివిడిగా చూస్తే రైతు మాట ఎంతవరకు నిలుస్తుందో తెలుస్తుంది. తప్పని తేలినా మంచిదే. ఈ లెక్క లేని క్యాంపు మొక్కలు నాటి, ర్యాలీ తీసి, ఫొటో దిగడంతో సరి. పైగా క్యాంపు చలికాలంలో వేస్తే వానలెక్కడివి!

అందుకే నా ఓటు ఒక క్రెడిట్ పాఠానికి, ఒక క్రెడిట్ ప్రాక్టికల్‌కు. యూజీసీ లెక్కలో 15 గంటల తరగతి, 30 గంటల పని. ఆ 30 గంటలూ ఏడు రోజుల్లో కుక్కకుండా వానకాలం పొడవునా వారానికింత పంచాలి. పిల్లలు శని, ఆదివారాల్లో ఊరికి పోతూనే ఉంటారు గనుక ఖర్చూ పెద్దగా ఉండదు. చివర రాతపరీక్ష వద్దు. తన మండలం వానల గ్రాఫు ముందు పెట్టుకుని పది నిమిషాల వైవా ఇస్తే చాలు. గైడు చూసి దాన్ని గట్టెక్కడం కష్టం.