కటక్ తారకసి: అద్దాల షాపు వద్దు, వెనక సందులోకి వెళ్లండి

మన బరంపురం తెలుగిళ్లలో పెళ్లి కుదిరితే వెండి సామానుకి ఎవరో ఒకరు కటక్ పేరెత్తుతారు. సన్నటి వెండి తీగలతో చేసే తారకసి నగలకి ఆ ఊరు పేరు. పిన్నీ నేనూ అందుకే వెళ్లాం. రైల్లో మూడు, మూడున్నర గంటలు. స్టేషన్ నుంచి బాలూబజార్‌కి ఆటో 150 అడిగి 120కి వచ్చాడు. లాడ్జి 1,400, శుభ్రంగానే ఉంది.

మోసం జరిగింది మెయిన్ రోడ్డు మీది అద్దాల షాపులో. నెమలి జుంకాలు, 14 గ్రాములు. "పూర్తిగా చేతిపని" అంటూ గ్రాముకి 90 చొప్పున మజూరీకే 1,260 కట్టించుకున్నారు. తీరా చూస్తే అచ్చుపోత, అంటే కరిగించిన వెండిని అచ్చులో పోసి తీసింది. పిన్ని ఆ సాయంత్రం అన్నం కూడా సరిగ్గా తినలేదు.

భూతద్దం ఒకటి పట్టుకెళ్తే ఇది దుకాణంలోనే తెలిసిపోతుంది. తారకసిలో రెండు సన్నని తీగలను కలిపి పురి పెట్టి, తర్వాత అణగగొడతారు. అందుకే అంచున సన్నటి గాట్లు వరసగా కనిపిస్తాయి. పోతలో అంచు నున్నగా, మొద్దుగా ఉంటుంది. రెండు జుంకాలకీ ఒకే చోట ఒకే లోపం ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు. వెనకవైపు తిప్పి గోటితో మెల్లగా నొక్కండి. తీగ చుట్ట కదిలిందంటే మాటు, అంటే తీగల్ని అతికించే లోహం, సరిగ్గా పట్టలేదు. సెగ ఎక్కువైతే తీగ కరిగి ముద్దవుతుంది, తక్కువైతే ఇలా ఊడుతుంది. ఈ పనిలో కష్టమంతా అక్కడే.

వెనక సందులో ఒక కంసాలి అరుగు మీదే కూర్చుని చేస్తున్నాడు. మూసలో కరిగించిన వెండిని కడ్డీగా పోసి, కమ్మచ్చు అనే కంతల పలకలో పెద్ద కంత నుంచి చిన్న కంతకి లాగుతూ పోయాడు. మధ్యమధ్యలో కాల్చకపోతే తీగ గట్టిపడి తెగుతుందట. ముందు మందపు తీగతో చట్రం, లోపల సన్నతీగ చుట్టలు, వాటిమీద వెలిగారం, మాటుపొడి, ఊదుగొట్టం సెగ. చివర కుంకుడు నీళ్లలో కడిగాడు. మజూరీ గ్రాముకి 70. మాటులో రాగి కలుస్తుంది కాబట్టి తిరిగి అమ్మితే కొంత కోస్తారని ముందే చెప్పాడు. అద్దాల షాపులో ఆ మాటే రాలేదు.

ఆ అరుగులు తగ్గిపోతున్నాయి, చూస్తుంటే బాధేస్తుంది. వీధి మీదికి తెరుచుకునే పాత ఇళ్ల అరుగు మీద పగటి వెలుతురు నేరుగా చేతిమీద పడేది. ఇప్పుడు కింద షట్టర్లు, పైన కాంక్రీటు అంతస్తులు, పనివాడు మూడో అంతస్తులో ట్యూబ్‌లైటు కింద. కొనేవాడికి చేసేవాడు కనబడడు, పోతని చేతిపనిగా అమ్మడానికి అదే వీలు. 2024లో కటక్ రూపా తారకసికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, మన కరీంనగర్ వెండి తీగపనికి 2007లోనే వచ్చింది. గుర్తింపు ఉన్నా మీ చేతిలోని నగని మీరే చూసుకోవాలి.

దసరాకి వెళ్తే చౌధురీ బజార్ అమ్మవారి వెండి మేఢా (విగ్రహం వెనక నిలిపే అలంకరణ) తప్పక చూడండి. 1956 నుంచి ఉన్న ఆనవాయితీ. దహీబరా ఆలూదమ్ (పెరుగు వడలు, ఆలూ కూర) ప్లేటు 30, పిన్ని ముఖం మళ్లీ వెలిగింది అక్కడే.

నగని దూదిలో చుట్టకండి, పోగులు తీగల్లో చిక్కుకుంటాయి. పల్చటి కాగితంలో చుట్టి గట్టి డబ్బాలో పెట్టండి, రబ్బరు బ్యాండు మాత్రం వేయొద్దు. అందులోని గంధకానికి వెండి నల్లబడుతుంది. టూత్‌పేస్టుతో తోమితే సందుల్లో తెల్లగా ఇరుక్కుపోయి ఎంతకీ రాదు.