పచ్చికకు ఎర్రమట్టి, మడులకు చెరువు మట్టి: వేదాయపాళెంలో తోలించుకున్నాక నా అభిప్రాయం

మేస్త్రీలు వెళ్లిపోయాక నెల్లూరులో మా వేదాయపాళెం ఇంటి చుట్టూ మిగిలింది పునాది తవ్విన మట్టి, ఇటుక ముక్కలు, గడ్డకట్టిన సిమెంటు. అందులో గరిక కూడా మొలవదు. ముందు పచ్చికకు, వెనుక ఆకుకూరల మడులకు, మల్లె పాదులకు పొదలకూరు రోడ్డు వైపు నుంచి మట్టి తోలే ఒక ట్రాక్టరు యజమానిని మాట్లాడుకున్నాను. ఆయనకు దుకాణం లేదు, బోర్డు లేదు, ఫోను మీదే వ్యాపారం. మట్టికీ కొలతకూ నిండు మార్కులు వేస్తాను. ఎరువుకు వేయను.

ఫోను చేయగానే ఆయన "మట్టి దేనికమ్మా? మెరక వేయడానికా, మొక్కలకా?" అని అడిగారు. మనవైపు మట్టి తోలేవారిలో చాలామందికి మెరక పనే ఎక్కువ. దానికి తోలే గ్రావెల్ కూడా ఎర్రగానే ఉంటుంది కానీ, నీళ్లు తగిలి ఎండితే గచ్చులా బిగుసుకుపోతుంది. మొక్కలకని చెప్పకపోతే వచ్చేది అదే. ఈయన చెప్పిన ధర నేను విచారించిన ఇంకో ఇద్దరికంటే లోడుకు 300 రూపాయలు ఎక్కువ. అయినా ఆ ప్రశ్న అడిగినందుకే ఈయన్ను ఎంచుకున్నాను.

లెక్క సంగతి. లోడు అనే మాటకు కొలత లేదు, ట్రాక్టరు వెనుక తగిలించే ట్రక్కును బట్టి మారుతుంది. యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు. వచ్చిన ట్రక్కును టేపు పెట్టి కొలిచాను: లోపల పొడవు 10 అడుగులు, వెడల్పు 6, ఎత్తు ఒకటిన్నర. అంచుకు సమంగా నింపితే 90 ఘనపుటడుగులే. పైన గోపురంలా పోసి యూనిట్ చేస్తామని ఆయన ముందే చెప్పారు, అలాగే పోసి పంపారు. మా పచ్చిక స్థలం 24 అడుగులకు 15. అరడుగు మందం వేయాలంటే 180 ఘనపుటడుగులు కావాలి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన పశువుల ఎరువు కలుపుకొంటే ఎర్రమట్టి ఒక లోడు, మిగతావి చెరో అర లోడు సరిపోతాయి. నీళ్లు పట్టాక మట్టి అణుగుతుంది కాబట్టి గోపురంగా పోసిన ఆ పది అడుగులూ వృథా కావు. మడుల కోసం చెరువు మట్టి విడిగా ఒక లోడు చెప్పాను.

చెరువు మట్టి దగ్గర మాత్రం నేను ఎవరి మాటా నమ్మను. నెల్లూరు జిల్లాలో తీరం పొడవునా రొయ్యల గుంటలున్నాయి. ఉప్పునీళ్లు నిలిచిన గుంట మట్టి కూడా నల్లగా, మెత్తగా ఉంటుంది. తడిగా చూస్తే మంచి ఒండ్రు మట్టి అనే అనుకుంటాం. మొక్క పెట్టాక ఆకుల అంచులు మాడడం మొదలవుతుంది. అప్పుడు ఎన్ని ఎరువులు వేసినా లాభం లేదు. అందుకే లోడు చెప్పే ముందు నమూనా అడిగాను. ఆయన విసుక్కోకుండా కుప్పలో నాలుగైదు చోట్ల తీసి సంచిలో పంపారు. కొంత మట్టిని పళ్లెంలో తడిపి ఎండలో పెట్టాను. ఉప్పు ఎక్కువుంటే ఎండిన పెళ్ల మీద తెల్లటి పొర పేరుకుంటుంది. ఇది పగుళ్లిచ్చి బూడిద రంగుకు తిరిగింది తప్ప తెలుపు కనిపించలేదు. మిగిలింది భూసార పరీక్షకు ఇచ్చాను. మట్టి ఆమ్లమో క్షారమో చెప్పే ఉదజని సూచిక (pH) 7.4, ఉప్పు ఎంతుందో చెప్పే లవణ సూచిక (EC) 0.4 వచ్చాయి. లవణ సూచిక 1 లోపు ఉంటే మొక్కలకు భయం లేదు.

ఎర్రమట్టికి గాజు సీసా చాలు. మూడో వంతు మట్టి వేసి, నీళ్లు పోసి, బాగా కుదిపి కదలకుండా పెట్టండి. ఒకటి రెండు నిమిషాల్లో ఇసుక అడుగుకు చేరుతుంది, రెండు గంటల్లో ఒండ్రు దాని మీద కూర్చుంటుంది, బంకమన్ను దిగడానికి ఒక రోజు పైనే పడుతుంది. మా సీసాలో సగానికి పైగా ఇసుకే ఉంది, బంకమన్ను పలుచటి పొర. పచ్చికకు కావలసింది అలాంటిదే, వానకు నీళ్లు నిలవవు.

మా సందులోకి టిప్పరు రాదు, ట్రాక్టరు వచ్చింది. డ్రైవరు గేటు దగ్గర ఆపి, "దించక ముందే చెయ్యి పెట్టి చూసుకోండమ్మా, దించాక మళ్లీ ఎత్తలేం" అన్నాడు. ట్రక్కు ఎక్కి పైన, పక్కన తవ్వి చూశాను. చెరువు మట్టిలో తుంగ గడ్డలు కొన్ని దొరికాయి. చెరువు మట్టికి అది తప్పదు, జల్లెడ పట్టుకోవాలి. పచ్చికలో తుంగ పడితే వదిలించుకోవడం మహా కష్టం కనుక ఆ మట్టిని అటు పోనివ్వలేదు. లోడు ధర గేటు వరకే. లోపలికి తట్టలతో మోయడానికి కూలీలను మనమే పెట్టుకోవాలి, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

ఇక ఎరువు. మాగినదని చెప్పి పంపింది పచ్చి పేడ. కుప్పలో చెయ్యి పెడితే వేడి తగిలింది, గడ్డి పోచలు పోచలుగానే ఉన్నాయి, వాసన సందు చివరి దాకా కొట్టింది. అలాంటిది వేళ్లకు తగిలితే మొక్క మాడిపోతుంది. ఫోను చేస్తే, అది వేరే పాక నుంచి ఎత్తించినదని ఒప్పుకొని సగం డబ్బు తగ్గించారు. ఆ మర్యాద నాకు నచ్చింది, కానీ పని ఆగింది. పేడను మూలన కుప్ప వేసి తడుపుతున్నాను, పచ్చికకు వర్మీకంపోస్టు బస్తాలు కొన్నాను.

పరిచేటప్పుడు గోడకు ఆనించి ఎత్తుగా పోయనివ్వకండి, గోడలకు చెమ్మ ఎక్కుతుంది. ఇంటి నుంచి బయటికి అడుగుకు పావు అంగుళం వాలు ఉంచి, నీళ్లు పట్టి, అణిగాక చెక్కతో చదును చేయించి, ఆ తర్వాత కొరియన్ గడ్డి నాటించాను. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తాయి. అప్పటికి గడ్డి వేళ్లూనకపోతే తోలించిన మట్టి కాలువలోకి పోతుంది. చెరువులు నిండితే చెరువు మట్టీ దొరకదు. కాబట్టి రోహిణి కార్తెలోనే ఫోను చేసి, ముందు నమూనా పంపమని అడగండి. ఎరువు మాత్రం ఇంకెక్కడైనా చూసి కొనండి.