ఘాట్ రోడ్డు మారుతి ఎస్టీమ్‌లో అడ్జస్టబుల్ క్యామ్ పుల్లీ: కొన్నేళ్లు వాడాక నా మాట

క్యామ్ పుల్లీ అంటే, వాల్వుల్ని తెరిచి మూసే క్యామ్ షాఫ్టుని బెల్టుతో తిప్పే పళ్ల చక్రం. అడ్జస్టబుల్ రకంలో అది రెండు ముక్కలు, బయటి పళ్ల రింగు, లోపలి ముక్క; రెండింటినీ చిన్న బోల్టులు పట్టి ఉంచుతాయి. ఈ పుల్లీ మీద నాకున్న ఇష్టమంతా ఆ బోల్టులు జరిగే పొడవాటి స్లాట్ల మీదే. మామూలు పుల్లీతో క్యామ్ టైమింగ్, అంటే వాల్వులు తెరుచుకుని మూసుకునే వేళ, మార్చాలంటే బెల్టు తీసి ఒక పన్ను జరపాలి. పుల్లీకి 40 పళ్లుంటే ఒక్క పన్నుకే క్యామ్ 9 డిగ్రీలు, దానికి రెట్టింపు తిరిగే క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్టు) లెక్కలో 18 డిగ్రీలు పోతుంది. ఇంజన్ అడిగేదేమో రెండు మూడు డిగ్రీలు. ఆ కాస్త తేడాని చిన్న బోల్టులు వదులు చేసి, జరిపి, మళ్లీ బిగించుకోగలగడం నాకు ఇప్పటికీ గొప్పగానే ఉంది.

మాది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా సెమిలిగుడ. బండి కార్బురేటర్ కాలం నాటి ఎస్టీమ్. చుట్టాలందరూ కిందే ఉన్నారు కాబట్టి సుంకి ఘాట్ దిగి సాలూరు, విజయనగరం వెళ్లిరావడం తప్పదు. ఒక వేసవిలో గ్యాస్కెట్ పోయి హెడ్ లేపారు, లేత్ షాపులో ఫేసింగ్ చేశారు, అంటే హెడ్ అడుగు చదునయ్యేలా అరగదీశారు. అన్నీ కొత్తవే వేసినా కింది పికప్ మాత్రం పోయింది. హెడ్ ఎంత అరగదీస్తే క్యామ్ క్రాంక్‌కి అంత దగ్గరవుతుంది, బెల్టు మాత్రం అదే. దాంతో క్యామ్ కొద్దిగా వెనకబడుతుంది. ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది, తక్కువ స్పీడులో పీల్చుకున్న దాంట్లో కొంత వెనక్కి తన్నేస్తుంది. మా ఎత్తులో గాలి అసలే కింద కన్నా దాదాపు పదో వంతు పలచన. ఇక చూడండి, సెకండ్ గేర్ వదిలితే బండి ఏడుపే.

సునాబెడలోని విమాన ఇంజన్ల ఫ్యాక్టరీ హెచ్‌ఏఎల్‌లో పని చేసి రిటైరైన ఒక పెద్దాయన దగ్గర, పిసరంత కదలికనీ ముల్లుతో చూపే డయల్ గేజ్ ఉంది. పుల్లీ చూపిస్తే, "మార్కు చూసి బిగించేసేది కాదు బాబూ ఇది, తొందర లేకపోతే ఆదివారం రా" అన్నారు. అన్నట్టే పొద్దంతా పట్టింది. ముందు ప్లగ్గు కన్నంలోంచి పిస్టన్‌కి అడ్డు పెట్టి, క్రాంక్‌ని రెండు వైపులా తగిలే దాకా తిప్పి, ఆ రెండు అంకెలకి మధ్యది అసలు టీడీసీగా (పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటుగా) పట్టుకున్నారు. తర్వాత ఇన్‌టేక్ వాల్వు మీద డయల్ గేజ్ పెట్టి, వాల్వు పూర్తిగా తెరుచుకునే చోటుకి ముందూ వెనకా ఒకే రీడింగ్ వచ్చే డిగ్రీలు రాసుకుని మధ్యకి లెక్క కట్టారు. ఈ కొలతప్పుడు క్రాంక్‌ని ఇంజన్ తిరిగే దిశలోనే తిప్పాలి, ఒక్క పిసరు వెనక్కి తిప్పినా బెల్టు వదులు లెక్కలో కలిసిపోతుంది. బిగించాక చేత్తో పూర్తిగా రెండు చుట్లు తిప్పి, ఎక్కడా పట్టేయడం లేదని తేలాకే స్టార్ట్ చేయనిచ్చారు.

పుల్లీ మీద గీతలున్నాయి గానీ, అవి క్యామ్ డిగ్రీలా క్రాంక్ డిగ్రీలా అన్నది ఎక్కడా లేదు. రెండింటికీ రెట్టింపు తేడా! డయల్ గేజ్‌తో కొలిస్తే క్యామ్ డిగ్రీలని తేలింది. డబ్బు తీసుకుని అమ్మే వస్తువు మీద ఆ ఒక్క మాట చెక్కకపోవడం నాకు ఇప్పటికీ కోపమే. ఇంకో సంగతి. ఈ ఇంజన్‌లో ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ తిరిగేది క్యామ్‌తోనే. క్యామ్‌ని రెండు డిగ్రీలు ముందుకి జరిపితే ఇగ్నిషన్ (ప్లగ్గు నిప్పురవ్వ వేసే వేళ) కూడా క్రాంక్ లెక్కలో నాలుగు డిగ్రీలు ముందుకి పోతుంది. టైమింగ్ లైట్ పెట్టి దాన్ని వెనక్కి తేకపోతే ఘాట్ మీద నాకింగ్, అంటే ఇంజన్ లోపల టకటక కొట్టుకోవడం, ఖాయం.

ఆ సాయంత్రం బండి థర్డ్ గేర్‌లో ఎక్కింది. నాకైతే ప్రాణం లేచొచ్చింది.

తర్వాత చాలా కాలానికి, ఒక వానాకాలం, ఇంటిల్లిపాదితో సాలూరు నుంచి పైకి వస్తున్నాం. సుంకి దాటాక లాగుడు పడిపోయింది. థర్డ్ నిలవలేదు, సెకండ్ కూడా మూలిగింది. వేడి ముల్లు మామూలుగానే ఉంది, చప్పుడులో తేడా లేదు. పెట్రోల్ ఫిల్టరేమో అనుకున్నాం. లోడు లారీలు కూడా హారన్ కొట్టి దాటేశాయి. పొట్టంగి దగ్గర చదును చూసి ఆపి, బెల్టు కవరుకి కోయించిన కిటికీలోంచి టార్చి వేశాను. పుల్లీ మీది తెల్ల గీత స్లాటు చివరికి పోయి ఉంది. పాతబడిన క్యామ్ ఆయిల్ సీల్ కారి, పుల్లీ రెండు ముక్కల మధ్యకి నూనె దిగింది. ఆ రెండింటినీ పట్టి ఉంచేది బోల్టుల బిగువే, నూనె చేరితే ఇంకేం పట్టు? బెల్టు బయటి రింగుని ముందుకి లాగుతుంటే లోపలి ముక్క వెనకబడింది. స్లాటు చివర ఆపింది కాబట్టి వెనకబడటం అంతటితో ఆగింది. చక్రాలకి రాళ్లు పెట్టి, టాప్ గేర్‌లో ఉంచి, బోల్టులు వదులు చేసి, నడిమి బోల్టుకి స్పానర్ వేసి బిగించే వైపే తిప్పితే క్యామ్ తన చోటుకి వచ్చింది. ఎలెన్ కీ డిక్కీలోనే ఉండబట్టి ఆ రాత్రి ఇల్లు చేరాం.

ఇప్పుడు కొత్త సీల్ వేసి, రెండు ముఖాలూ పెట్రోల్‌తో కడిగి, బోల్టులకి అవి వదులు కాకుండా పట్టే త్రెడ్ లాకర్ జిగురు రాసి, టార్క్ స్పానర్‌తో బిగించాం. ప్రతి బోల్టు తల మీదుగా పెయింటు గీత గీశాం. కవరుకి కోయించిన ఆ కిటికీకి రబ్బరు మూత పెట్టక తప్పలేదు, మా ఎర్ర దుమ్ము నేరుగా బెల్టు మీదకే పోతోంది.

మొదట్లో కనిపించిన మార్పులో ఎక్కువ భాగం, ఫేసింగ్‌తో తప్పిన టైమింగ్ మళ్లీ సరికావడం వల్లనే అని ఇప్పుడు అనుకుంటున్నాను. దాని మీద నేను అదనంగా జరిపింది రెండు డిగ్రీలే. నాలుగు పెట్టి చూస్తే విజయనగరం రోడ్డు మీద పై స్పీడులో ఊపిరాడనట్టయింది, ఎక్కుడులో నాకింగ్ మొదలైంది. సింగిల్ క్యామ్ కాబట్టి ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ కలిసే జరుగుతాయి, విడివిడిగా ఆడుకునే వీలు ట్విన్ క్యామ్ వాళ్లకే.

హెడ్ ఫేసింగ్ అయి, కొండదారి తప్పనివాళ్లు, దగ్గర్లో డయల్ గేజ్ పట్టగల మనిషి ఉంటే పెట్టించుకోండి. ఇదే 1298 సీసీ కుటుంబం ఇంజన్ ఉన్న జిప్సీ కింగ్ వాళ్లకీ ఇది చెల్లుతుంది. మైదానంలో తిరుగుతూ, హెడ్ ఎప్పుడూ లేపని బండి ఉంటే, నేనైతే ఆ డబ్బు పెట్టి కార్బురేటర్ బాగు చేయించి, టాపెట్లు (వాల్వుల సందు) చూపించుకుంటాను. నా బండికి మాత్రం దీన్ని తీయను, సర్వీసుకి వెళ్లినప్పుడల్లా మూత తీసి పెయింటు గీతలు చూసుకుంటున్నాను.