టమాటాకు ముందు మొక్కజొన్నా, జొన్నా, సజ్జా? నులిపురుగుల నేలలో ఏది మేలు?

టమాటా మొక్క పీకితే వేళ్లన్నీ బుడిపెలే. అది నేలలో ఉండే నులిపురుగుల (నెమటోడ్ల) పని. సరే, ఈసారి ఏదో ఒక గింజ పంట వేసేస్తే నులిపురుగులు తిండి లేక చస్తాయిలే అనుకుంటాం. ఆ 'ఏదో ఒకటి' దగ్గరే దెబ్బ తింటున్నాం.

మొక్కజొన్న సంగతే చూడండి. పైరు పచ్చగా ఉంటుంది, కండె బాగానే కడుతుంది, వేరు కడిగి చూసినా చాలాసార్లు బుడిపెలు కంటికి ఆనవు. కానీ ఇన్‌కాగ్నిటా జాతి నులిపురుగు ఆ వేళ్లలోనే హాయిగా పెరుగుతుంది, ఒక్కో ఆడపురుగు 300 నుంచి 500 దాకా గుడ్లు పెడుతుంది, నేల వెచ్చగా ఉంటే దాదాపు నెలకే కొత్త తరం తయారు. అంటే మొక్కజొన్న పురుగును తట్టుకుంటోంది తప్ప అడ్డుకోవడం లేదు. ఆ భారమంతా తర్వాత వేసే టమాటా మీద పడుతుంది.

మీ నేలలో ఉన్నది హాప్లా జాతి అయితే మాత్రం టెన్షన్ లేదు, అది గడ్డిజాతి పంటల మీద పెరగదు, మొక్కజొన్నా పనికొస్తుంది. అందుకే ముందు మట్టి పరీక్షలో జాతి ఏదో తేల్చుకోండి.

ఇన్‌కాగ్నిటా అని తేలితే నా ఓటు సజ్జకే, అదీ నిరోధకత పరీక్షించిన హైబ్రిడ్‌కే. అమెరికాలో వచ్చిన టిఫ్‌గ్రెయిన్ 102 అలాంటిదే. సజ్జ అనగానే అన్నీ ఒకటే అనుకోవద్దు, రకాన్ని బట్టి చాలా తేడా ఉంటుంది.

గింజ వదులుకోగలిగితే జొన్న-సూడాన్ గడ్డి సంకరం ఇంకా మేలు. దాని మీద ఈ పురుగు పెద్దగా పెరగదు, పైగా లేతగా ఉండగానే కోసి, ముక్కలు చేసి వెంటనే కలియదున్నితే అందులోని ధురిన్ అనే పదార్థం నుంచి వచ్చే సైనైడ్ విషం నేలలో ఉన్నవాటి మీదా పనిచేస్తుంది. ఆ లేత మేత పశువులకు మాత్రం పెట్టకండి, ప్రాణం మీదికొస్తుంది.

గోధుమలో ఆర్‌కెఎన్3 జన్యువున్న రకాలు బాగానే అడ్డుకుంటాయి. పైగా నేల 18 డిగ్రీల కంటే చల్లబడ్డాక విత్తితే పురుగు వేరులోకి దూరడమే తగ్గుతుంది.

ఏది వేసినా, కోత అయ్యాక నాలుగైదు చోట్ల వేళ్ల దగ్గరి మట్టి తీసి కుండీలో నింపి, నిరోధకత లేని టమాటా నారు ఒకటి నాటండి. ఆరు వారాలకు పీకి, వేళ్లు నీళ్లలో మెల్లగా కడిగి చూడండి. నున్నగా, తెల్లగా ఉంటే పంట తన పని చేసినట్టే. పూసలు గుచ్చినట్టు బుడిపెలుంటే ఆ నేలలో ఈసారి టమాటా వద్దు.