రెండు మెట్ల స్టూలుకు టేకా, వేపా, ప్లైవుడ్డా?

వంటింట్లో పై అరలు అందుకునే స్టూలుకు కర్ర ఎంచేటప్పుడు ధర కంటే ముందు పక్కపలక (మెట్లను ఇరుపక్కలా మోసే పలక) వెడల్పు చూడాలి. ఎత్తు 40 సెం.మీ., ఒక్కో మెట్టు లోతు 20 సెం.మీ. అనుకుంటే పక్కపలక అడుగున 40 సెం.మీ. ఉండాలి.

టేకులో అంత వెడల్పు పలక ఒకే ముక్కగా దొరకడం కష్టం. మూడు నాలుగు ముక్కలు అతకాలి. అంటే అంచులు చిత్రికతో తిన్నగా తీయాలి, ముక్కల్ని బిగించి పట్టే క్లాంపులు కావాలి. టేకులో సహజంగా నూనె ఉంటుంది, అతికే ముందు థిన్నర్‌తో తుడవకపోతే జిగురు సరిగా పట్టదు. పీచు నిలువుగా ఉండేలా పలక పెట్టుకోవాలి; అడ్డంగా ఉంటే మెట్టు మలుపు దగ్గర పుటుక్కున విరుగుతుంది.

వేప చవక, చేవకు (కర్ర లోపలి గట్టి భాగానికి) పురుగు తొందరగా పట్టదు. కానీ పచ్చి కర్ర ఆరేకొద్దీ మెలి తిరుగుతుంది, చీలుతుంది. బాగా ఆరిన పలకలు చేతిలో ఉంటేనే దాని జోలికి వెళ్లండి.

మొదటిసారి చేసేవాళ్లకు 18 మి.మీ. ప్లైవుడ్డే మేలు. పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి మలుపు దగ్గర విరగదు, వానాకాలంలో కర్రంతగా ఉబ్బదు. దాని బలహీనత అంచు. అంచులోకి నేరుగా స్క్రూ దించితే పొరలు విడిపోతాయి, కొన్నాళ్లకే స్టూలు కిర్రుమంటుంది. అందుకే ప్రతి మెట్టు కింద రెండు వైపులా 25 మి.మీ. చదరం రీపరు (సన్నని కర్ర ముక్క), 18 సెం.మీ. పొడవున, జిగురు పూసి బిగించాలి. ఒకటిన్నర అంగుళం, 8 నంబరు స్క్రూలు చాలు. రీపరులో 4.5 మి.మీ. రంధ్రం, ప్లైవుడ్డులో 3 మి.మీ. రంధ్రం వేయండి. రెండింటికీ సన్న రంధ్రమే వేస్తే స్క్రూ మర రీపరునూ పట్టేసి మధ్యలో సందు మిగులుతుంది, ఎంత తిప్పినా మూసుకోదు. పక్కపలకలోకీ మెట్టులోకీ వెళ్లే స్క్రూలు ఒకదానికొకటి తగలకుండా ఎడంగా ఉంచండి. వెనక 10 సెం.మీ. వెడల్పు అడ్డపట్టీ తప్పనిసరి, అది లేకపోతే స్టూలు పక్కకు ఊగుతుంది. జిగురు 24 గంటలు ఆరాకే ఎక్కాలి.

బట్టలుతికే చోట వాడేదైతే మాత్రం టేకే చేయించండి. ప్లైవుడ్డు నీళ్లను తట్టుకునే ఐఎస్ 710 (మెరైన్) రకమైనా, అంచులకు పెయింటు వేయకపోతే నీళ్లు పీల్చుకుంటుంది.

ఏ కర్రయినా పక్కపలక అడుగున మధ్యలో 25 సెం.మీ. మేర ఒక సెంటీమీటరు లోపలికి కోసేయండి. అప్పుడు నాలుగు మూలలే నేలకు ఆనుతాయి, కాస్త ఊగినా పొడవైన మూలను సాండ్‌పేపర్‌తో రుద్దితే సరిపోతుంది.